వీలునామా రద్దుకు కొడుకు సంతకం కావాలా?

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. భార్య లేదు. 2015లో నా స్వార్జితమైన ఇంటిని పెద్దబ్బాయికి రాస్తూ వీలునామా రిజిస్టర్ చేయించాను. అసలు కాగితం వాడి దగ్గరే ఉంది. ఇప్పుడు నన్ను చూసుకుంటున్నది అమ్మాయే. వీలునామా రద్దుకు వాడి సంతకం కావాలా? స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలంటున్నారు, నిజమేనా? - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అయ్యా, మీరు టెన్షన్ పడకండి. అబ్బాయి సంతకం అక్కర్లేదు, కోర్టు గడప ఎక్కనక్కర్లేదు. వీలునామా అమల్లోకి వచ్చేది మీ తదనంతరమే. మతి స్థిమితంగా ఉన్నంతకాలం దాన్ని ఎప్పుడైనా రద్దు చేసుకునే హక్కు భారత వారసత్వ చట్టం, 1925లోని 62వ సెక్షన్ మీకిచ్చింది.

అయితే ముందు మీ దగ్గరున్న జిరాక్సు బయటికి తీసి, పైన ఏమని రాసుందో చూడండి. 'దాన సెటిల్‌మెంట్ దస్తావేజు' (బతికుండగానే ఆస్తి ఇచ్చేసే పత్రం) అని ఉంటే కథ వేరు. దాన్ని మీరొక్కరే వెళ్లి రద్దు చేయలేరు. పోషించాలన్న షరతు మీద 2007 సీనియర్ సిటిజన్ల చట్టం వచ్చాక రాసిచ్చి ఉంటే, ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

వీలునామాయే అయితే, నోటరీ ముద్ర ఒక్కటే చాలదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. భారత వారసత్వ చట్టం 70వ సెక్షన్ ప్రకారం రద్దు పత్రాన్ని కూడా వీలునామా రాసినంత పద్ధతిగా రాయాలి. మీరు సంతకం చేస్తుండగా ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్లూ మీ ఎదుటే సంతకాలు చేయాలి. మీ దగ్గరున్న జిరాక్సు చించేసినా ప్రయోజనం లేదు.

పత్రంలో ఇలా రాయించండి: 'ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫలానా తేదీన, ఫలానా నంబరుతో రిజిస్టరైన నా వీలునామాను ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్తిగా రద్దు చేస్తున్నాను.'

కానీ రద్దుతో ఆగిపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ పిల్లలందరికీ సమాన వాటా వస్తుంది, పెద్దబ్బాయితో సహా. ఇల్లు అమ్మాయికే దక్కాలంటే కొత్త వీలునామా రాసి, పాతది రద్దు చేస్తున్నట్టు అందులోనే చెప్పండి. అదొక్కటే సరిపోతుంది.

అమ్మాయినీ అల్లుణ్నీ సాక్షులుగా పెట్టకండి. రాయించే పని కూడా వాళ్లకు అప్పగించొద్దు, మీరే దగ్గరుండి చూసుకోండి. రేపు కోర్టులో మొదట అడిగేది అదే. మీకంటే చిన్నవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు సాక్షులైతే మేలు. మీ మతి స్థిమితంగా ఉందని డాక్టరు సర్టిఫికెట్ కూడా అదే రోజు తీసుకోండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, పాతది రిజిస్టరైంది కాబట్టి ఇదీ చేయించమనే నా మాట. మీరు కదల్లేకపోతే ఇంటికొచ్చి రిజిస్టర్ చేయమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. అబ్బాయికి తెలిసిపోతుందన్న బెంగ వద్దు. వీలునామాలు ఎక్కేది రిజిస్ట్రేషన్ ఆఫీసులోని బుక్ 3 అనే విడి రిజిస్టరులో. మీరుండగా దాని నకలు మీకు, లేదా మీరు అధికారమిచ్చిన మనిషికి తప్ప ఇవ్వరు. ఈసీలోనూ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించదు.