పీటీఎస్‌డీతో బాధపడే మాజీ సైనికుడికి మెడికల్ గంజాయి మేలు చేస్తుందా?

అమెరికా సైన్యం నుంచి తిరిగి వచ్చిన మీ తమ్ముడికి రాత్రుళ్లు నిద్ర లేదని, మాత్రలు పడటం లేదని, తోటి మాజీ సైనికుడొకరు మెడికల్ గంజాయి కార్డు (డాక్టరు సంతకంపై రాష్ట్రం ఇచ్చే అనుమతి) తీసుకోమన్నారని, అది మేలు చేస్తుందో కొత్త వ్యసనం తెచ్చిపెడుతుందో తేల్చుకోలేకపోతున్నామని మీరు అడిగారు. నేను అదే సైన్యంలో పనిచేసి, అఫ్గానిస్తాన్ వెళ్లి వచ్చి, ఆ మందు వాడినవాణ్ణి. పీటీఎస్‌డీ (యుద్ధం వంటి భయానక అనుభవం మిగిల్చే మానసిక గాయం) ఉన్నవారికి దాన్ని అందుబాటులోకి తేవాలని అమెరికాలోని మా రాష్ట్ర శాసనసభ కమిటీ ముందు రెండుసార్లు మాట్లాడినవాణ్ణి కూడా. నా మొగ్గు ఎటో మీకు ముందే తెలియడం మంచిది.

తిరిగి వచ్చిన కొత్తలో నా భార్య ఒకనాడు భుజం తట్టి లేపబోతే, ఆమె మణికట్టును వేళ్ల గుర్తులు వారం దాకా పోనంత గట్టిగా పట్టుకున్నాను. ఆ తరువాత ఆమె మంచం దగ్గరకు రావడం మానేసి, గుమ్మంలోనే నిలబడి "తెల్లారిందండీ, మనింట్లోనే ఉన్నారు" అని మెల్లగా రెండు మూడుసార్లు చెప్పేది. పీటీఎస్‌డీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందులు సెర్ట్రలీన్, పరాక్సెటీన్ రెండే. నేను వాడిన సెర్ట్రలీన్ పగటి చిరాకును కొంత తగ్గించింది గాని పీడకలల జోలికి పోలేదు.

గంజాయి చుక్కల మందును పడుకోబోయే ముందు, 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) మొదలుపెట్టాను. నేను ఎన్ని గంటలు పడుకున్నానో నా భార్య ఒక నోటుబుక్కులో రాసేది. మూడు గంటల నిద్ర నెల తిరిగేసరికి ఐదున్నర అయింది. అయితే ఆ మందును రాష్ట్రం సరిహద్దు దాటించడం నేరం కాబట్టి, ఒక ప్రయాణంలో వారం రోజులు మానేయవలసి వచ్చినప్పుడు పీడకలలు మునుపటికంటే ఉద్ధృతంగా విరుచుకుపడ్డాయి. అది నా గాయాన్ని మాన్పలేదని, కలల నిద్రను అణచిపెట్టిందని అప్పుడు అర్థమైంది. నన్ను నిజంగా మార్చినది, జరిగినదాన్ని చికిత్సకురాలి ఎదుట మళ్లీ మళ్లీ చెప్పించే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ చికిత్స. కాకపోతే నిద్రలేని రోజుల్లో ఆ కుర్చీలో పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయినవాణ్ణి, నిద్ర పట్టాక గంటన్నర కూర్చోగలిగాను. నేను కమిటీకి చెప్పినది కూడా ఇంతే.

పరిశోధన ఇంకా మా పక్షాన లేదన్న మాటనూ అక్కడ దాచలేదు. 76 మంది మాజీ సైనికులపై జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో గంజాయి పీల్చినవారూ మందు లేని ఉత్తుత్తి సిగరెట్టు పీల్చినవారూ మూడు వారాల్లో దాదాపు ఒకేలా మెరుగుపడ్డారు. మాజీ సైనికుల వైద్యశాఖ వీఏ, రక్షణశాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి గంజాయి వద్దనే చెబుతున్నాయి. అందుకే మేము పెద్ద పరీక్షల కోసం పట్టుబట్టాము. 320 మందితో తలపెట్టిన పరీక్షకు 2024 నవంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చిందని తెలిసిన రోజు నాకు ఎంతో ఊరట కలిగింది.

ఇక మీ తమ్ముడి సంగతి. న్యూ మెక్సికో 2009లో పీటీఎస్‌డీని మెడికల్ గంజాయి జాబితాలో చేర్చాక ఎన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి గాని, వీఏ డాక్టర్లు ఇప్పటికీ కార్డు కాగితాలపై సంతకం చేయరు, ఖర్చూ భరించరు. కెనడాలో మాజీ సైనికుల శాఖే రోజుకు 3 గ్రాముల దాకా ఖర్చు భరిస్తుంది కదా అని మేము అడుగుతూనే ఉన్నాము. అయినా వాడుతున్నానని చెప్పినంత మాత్రాన వీఏ సౌకర్యాలు పోవు. 2017 నాటి వీఏ ఆదేశంలో ఆ హామీ ఉంది. ఆ సంగతి తెలియక నేను పదకొండు నెలలు డాక్టరు దగ్గర దాచాను, ఆయనేమో పగలంతా నాకు ఉన్న మత్తుకు కారణం తెలియక మందులు మారుస్తూ పోయారు. మీ తమ్ముణ్ణి మొదటి రోజే చెప్పమనండి.

అతనికి ఇంకా పౌరసత్వం రాకపోతే మాత్రం ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా దాన్ని ముట్టుకోనివ్వవద్దు. రాష్ట్రం అనుమతించినా గంజాయి వాడకం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు కాగలదని ఇమిగ్రేషన్ శాఖ 2019లోనే స్పష్టం చేసింది. ఇంటి రక్తసంబంధీకులలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధి ఉన్నా, అతను మద్యం ఎక్కువగా తాగుతున్నా ఈ దారి వద్దనే అంటాను. ఇండియా వచ్చేటప్పుడు చుక్క కూడా వెంట తీసుకురాకూడదు. ఇండియాలోని 1985 నాటి మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్ ముందు అమెరికా కార్డు చెల్లదు.

చనిపోవాలన్న మాట అతని నోట ఎప్పుడైనా వస్తే, కార్డు సంగతి పక్కనపెట్టి, అమెరికాలో ఉన్నప్పుడు 988కి ఫోన్ చేసి 1 నొక్కమనండి. మాజీ సైనికులకోసమే రాత్రింబవళ్లు మాట్లాడేవారు ఆ లైన్లో ఉంటారు. ఈలోగా అతను ఏ రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో ఇంట్లో ఎవరైనా రాసిపెట్టండి. నా డాక్టరు అన్నిటికంటే ముందు అడిగి చూసినది ఆ నోటుబుక్కునే.