పిట్టల పాటల మీద చదువా? అని అడిగిన ఖమ్మం నాన్నగారికి

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బైపీసీ రెండో సంవత్సరం. పక్షులు పాట ఎలా నేర్చుకుంటాయో, దాని వెనక జీన్లేమిటో చదువుతానంటోందట. "ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) వేయాలా, ప్రైవేటు కాలేజీలో బీటెక్ జెనెటిక్ ఇంజనీరింగ్ తీసుకోవాలా, రెండూ పోల్చి చెప్పండి. ఇంట్లో చిలుకని పెంచడం నాదే తప్పు. పిట్టల మీద చదివితే అన్నం ఎవరు పెడతారు సార్?"

పిట్టల బదులు చరిత్ర, ఫిజిక్స్ అని మార్చి ఇదే ప్రశ్న నాకు ఏటా వస్తుందండీ. మీ అసలు టెన్షన్ ఏంటంటే, ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా పిల్ల ఇంకా చదువుతూనే ఉంటే పెళ్లిళ్లలో చుట్టాలకి ఏం చెప్పాలని. ఆ టెన్షన్ ఉండటం తప్పు కాదు, కానీ దాన్ని తెచ్చి చిలుక నెత్తిన రుద్దకండి.

మీరే రాశారు, కాకి గూట్లో పెరిగిన కోయిల కావు కావుమనకుండా కూ అని ఎందుకంటుంది నాన్నా అని అడిగితే "ముందు బిట్లు చెయ్" అన్నానని. అయ్యా, ఈ రంగంలోకి అడుగుపెట్టే గుమ్మమే ఆ ప్రశ్న! కోయిల తన పాట ఎవరి దగ్గరా నేర్చుకోదు, పుట్టుకతోనే వస్తుంది. మనం రాయి పెట్టి కొట్టే కాకి మాత్రం శాస్త్రం లెక్కలో పాటపిట్టల జాతిదే. పక్షుల్లో విని నేర్చుకునే విద్య ఉన్నవి ముఖ్యంగా పాటపిట్టలు, చిలుకలు, హమ్మింగ్ బర్డ్స్. అది విడివిడిగా ఎన్నిసార్లు పుట్టిందన్న వాదన ఇంకా తెగలేదు. మనుషుల్లో మాటతో ముడిపడిన ఫాక్స్‌పీ2 అనే జీన్ సంగతి 2001లో బయటపడింది. 2007లో బెర్లిన్‌లో జీబ్రా ఫించ్ అనే చిన్న పాటపిట్ట పిల్లల మెదడులో ఒకచోట ఆ జీన్ పనిని తగ్గించి చూస్తే, అవి పెద్ద పక్షి పాటని కొన్ని ముక్కలు వదిలేసి, మిగిలినవి తప్పులతో నేర్చుకున్నాయి. మాట సరిగా రాని పిల్లల సమస్య మీద పనిచేసేవాళ్లకి కూడా ఈ పిట్టలు కావాలి.

ఇక ఆ బీటెక్. పేరులో ఇంజనీరింగ్ ఉంది కాబట్టి ఉద్యోగం ఉంటుందని చుట్టాలు నమ్ముతారు, కంపెనీలు నమ్మవు. నా దగ్గరికొచ్చిన బీటెక్ బయోటెక్ పిల్లల్లో చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి వెళ్లారు, లేదంటే మళ్లీ ఎమ్మెస్సీలో చేరారు. ఒక కాలేజీలో ల్యాబు తాళం తీయించి చూశాను, డీఎన్‌ఏ కాపీలు తీసే పీసీఆర్ మిషన్‌కి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, పైన దుమ్ము, పక్కన ఫైనలియర్ పిల్లలు. మంచి కాలేజీలు లేవని కాదు, కానీ డొనేషన్ కట్టేముందు మీరూ తాళం తీయించండి. సగం ఫీజు కట్టాక వచ్చి నన్నడిగితే నేనేం చేయను?

ఐసర్ అయితే తిరుపతిలో పశ్చిమ కనుమల పక్షుల పాటలు, జన్యువులు చూసే ల్యాబ్ ఉంది, పుణెలో జీబ్రా ఫించ్‌ల మీద పనిచేసేది ఉంది. లెక్కలు తప్పవు, బైపీసీ పిల్లలు మొదటి ఏడాది ఏడుస్తారు, ఇప్పుడే మొదలుపెట్టించండి. డిగ్రీ, పీజీ కలిపి ఉండే బీఎస్-ఎంఎస్ 5 ఏళ్లు, ఆ తర్వాత పీహెచ్‌డీ ఇంకో 5, 6 ఏళ్లు. పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అదనం. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, అందరికీ దొరకవు. అయినా ఈ దారిలో ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్, జీనోమ్ డేటాతో కుస్తీ ఎలాగూ పడుతుంది, అవి చేతికొచ్చిన పిల్ల రోడ్డున పడదండీ, ధైర్యంగా ఉండండి.

అన్నట్టు ఆ పంజరం సంగతి. రామచిలుకని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. రెక్కలు కత్తిరించామని కూడా రాశారు, కాబట్టి ఊరికే బయట వదిలేయకండి, అటవీశాఖ వాళ్లకి అప్పజెప్పండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.