40 వేలు కట్టే ముందు ఎన్‌పీటెల్ చూడు

తమ్ముడూ, బీకాం అయ్యాక డేటా అనాలిసిస్ సర్టిఫికెట్ కోసం హనుమకొండలో ఒక శిక్షణ సంస్థకు 40 వేలు కట్టాలా అని అడిగావు. ఇప్పుడే కట్టకు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో చేరి చూడు. పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే రుసుము. కోర్సులు 4, 8, 12 వారాలవి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. గడువు రోజు రాత్రి పదకొండున్నరకు కాజీపేట ప్లాట్‌ఫారం మీద కూర్చుని, రెండు శాతం చార్జింగ్ ఉన్న ఫోనులో అసైన్‌మెంటు పంపినవాణ్ణి నేను. ఆ అలవాటు మాత్రం చేసుకోకు.

ఇంటర్వ్యూలో నా సర్టిఫికెట్‌ను ఒకసారి చూసి పక్కన పెట్టారు. మా కిరాణా కొట్టు ఆరు నెలల అమ్మకాలతో ఎక్సెల్‌లో వేసిన పట్టిక గురించి మాత్రం అరగంట అడిగారు. నువ్వు 8 వారాల కోర్సు తీసుకుని, పక్కన అలాంటిది ఒకటి చేసిపెట్టుకో.