బేకరీలో తీరిక: ఒక కొత్త రచయిత్రికి

అమ్మాయ్,

ఆశీస్సులు. ప్రయాణంలో నీకిష్టమైన బేకరీలో తీరిగ్గా కూర్చుని చేసిన బ్రంచ్ (పొద్దెక్కాక టిఫినూ భోజనమూ కలిపి ఒకేసారి తినడం) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ చదువుతుంటే నాకు ఆకలీ వేయలేదు, తీరిగ్గానూ అనిపించలేదు. మొదటి పేజీలోనే ‘అద్భుతం’, ‘నోరూరించే’, ‘మాటల్లో చెప్పలేను’ మూడూ వచ్చేశాయి. చెప్పలేనప్పుడు రాయడం దేనికమ్మా?

వాసనతో మొదలుపెట్టు. తలుపు తీయగానే గుప్పుమన్న వాసన కొద్ది నిమిషాల్లోనే తెలియకుండా పోతుంది. వాసన అక్కడే ఉంటుంది, ముక్కే అలవాటు పడిపోతుంది. నువ్వేమో కాఫీ సగం తాగాక ‘ఘుమఘుమలు చుట్టుముట్టాయి’ అన్నావు. తప్పెక్కడుందో పాఠకుడు వేలుపెట్టి చూపించలేకపోవచ్చు గానీ, రాసిన మనిషి అప్పుడక్కడ లేదని మాత్రం పసిగట్టేస్తాడు.

క్రోసాంట్ గురించి, అదే పొరలు పొరలుగా ఉండే ఆ వెన్న రొట్టె గురించి, ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఆగాల్సింది అక్కడే. పిండిని పరిచి, మధ్యలో వెన్న పెట్టి, మడిచి, వత్తి, మళ్లీ మడుస్తారు. మూడేసి మడతల చొప్పున మూడుసార్లు మడిస్తే 27 వెన్న పొరలు. వెన్నలో దాదాపు ఆరో వంతు నీళ్లే. ఓవెన్ వేడికి ఆ నీళ్లూ పిండిలోని తడీ ఆవిరై పొరల్ని విడదీసి పైకి లేపుతాయి. ఇదంతా వ్యాసంలో పెట్టమనడం లేదు, పెడితే వంటల పుస్తకం అవుతుంది. తెలిసుంటే చూసే తీరు మారుతుందని చెప్తున్నాను. మధ్యకి తుంచినప్పుడు పైపొర పెళుసుగా విరిగి ఒళ్లో రాలుతుంది, లోపలి భాగం సాగుతుంది, వేళ్లకి జిడ్డంటుతుంది. ప్లేటులో మిగిలిన ఆ పొట్టుని తడి వేలితో అద్దుకుని తిన్నావా లేదా? తినే ఉంటావు. అది రాయి.

నాకు అన్నిటికంటే వెలితిగా అనిపించింది వేళ. నువ్వు పదకొండింటికి వెళ్లి కూర్చున్నావు. నీకు రోజు అప్పుడే మొదలైంది, పిండి కలిపేవాళ్లకి డ్యూటీ అయిపోవచ్చే సమయం అది. నువ్వు తిన్న బ్రెడ్ తెల్లవారకముందే ఓవెన్‌లోకి వెళ్లి ఉంటుంది, దాని పిండి ముందురోజే కలిపి ఉన్నా ఆశ్చర్యం లేదు. వెనక తలుపు దగ్గర ఒకాయన చేతులకి పిండితోనే కూర్చుని టీ తాగుతున్నాడని ఒక మాట అనేసి ముందుకెళ్లిపోయావు. నీ వ్యాసానికి ప్రాణం ఆయనే! ఆయన దగ్గర ఇంకాసేపు ఆగు. జాలి మాత్రం పడకు, పని బాగా వచ్చినవాడికి మన జాలితో పనిలేదు.

తీరిక సంగతి. ‘నింపాదిగా’ అని నాలుగుసార్లు రాస్తే అది రాదు. సాయంత్రం అయిదింటికి ట్రైన్ ఉందని ముందే చెప్పి, ఆ తర్వాత ఇంకో కాఫీ తెప్పించుకో. ఆ హాయి పాఠకుడికి దానంతటదే తెలుస్తుంది.

ఇంకో మాట. బ్రంచ్‌ని వెనకేసుకొస్తూ గై బెరింజర్ అనే ఇంగ్లిష్ రచయిత 1895లోనే ఒక వ్యాసం రాశాడు. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లు ఆదివారం పెందలాడే లేవక్కర్లేదని, పైగా నలుగురూ కూర్చుని కబుర్లాడుకుంటారని ఆయన వాదన. మరి నీ వ్యాసంలో ఎదురుగా కూర్చున్న స్నేహితురాలు మొదటినుంచి చివరిదాకా నోరు విప్పలేదు. ఇద్దరూ దేని గురించి మాట్లాడుకున్నారు? చివరి ముక్క ఎవరు తిన్నారు? అంత ఇష్టమైన బేకరీ అన్నావు కదా, లోపలికి వెళ్లగానే ఏ కుర్చీ ఖాళీగా ఉందా అని చూస్తావు?

‘ఆ రుచి నా జ్ఞాపకాల్లో ఎప్పటికీ...’ అంటూ మొదలయ్యే చివరి పేరా కొట్టేయి. బిల్లు కట్టిన దగ్గర ఆపేస్తే చాలు. ఫొటోలు జత చేయకు, అవి చూశాక నీ రాతలో ఏం తగ్గిందో నాకు తెలియదు. తిరగరాసి వచ్చే వారంలోగా పంపు, నేను ఊళ్లోనే ఉంటాను.