బుచ్చమ్మ గురించి రాస్తే మా నాన్నగారికి కోపం ఎందుకు వచ్చింది?

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. వయసు నలభై దాటింది. ఈమధ్య గురజాడ జయంతి సభలో ‘కన్యాశుల్కం’లోని బుచ్చమ్మ పాత్ర మీద ఒక వ్యాసం చదివాను. ఆమె భయం, అణకువ, గిరీశాన్ని అంత తొందరగా నమ్మడం చూస్తే చిన్నతనంలో ఎవరో ఆమె మీద అఘాయిత్యం చేశారనీ, ఇంటిల్లిపాదీ దాన్ని దాచారనీ నా వాదన. మా ఇంటి గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. అయినా సంగతి తెలిసిన మా నాన్నగారు ‘ఇంటి పరువు తీసుకెళ్ళి సభలో పెట్టావు’ అని నాతో మాట్లాడడం మానేశారు. ఆయనకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన కంటే రెండేళ్ళు పెద్దదైన మా మేనత్తకు పదమూడో ఏట పెళ్ళి చేశారు. కొద్ది నెలలకే ఆవిడ పుట్టింటికి వచ్చేసి మళ్ళీ వెళ్ళలేదు. కారణం ఎవరూ చెప్పరు. మా తాతగారి తమ్ముడు ఇంటికి వస్తే చాలు, పిల్లలందరినీ వంటింట్లోకి తీసుకుపోయి లోపల గడియ పెట్టేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది. ఆ చినతాతా ఇప్పుడు లేరు. అమ్మను అడిగితే ‘ఆడగుంట ఉన్న ఇంట్లో ఆ మాటలు ఏటికే’ అంటుంది. నాన్నగారి కోపమే నా అనుమానానికి రుజువు కాదా? వ్యాసం అచ్చుకు ఇవ్వనా? పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి నా తొమ్మిదేళ్ళ కూతురిని తీసుకుని ఆ ఇంటికి వెళ్ళనా, మాననా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. (పేరు, ఊరు వద్దన్నారు.)

జవాబు: అమ్మా, మీరు అడిగినవి చాలా ఉన్నా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది రుజువు గురించిన ప్రశ్నే కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. నాన్నగారి కోపం మీ అనుమానానికి రుజువు కాదు. మీ వ్యాసం సంగతి విన్నప్పుడు ఆయనకు తన అప్ప, అంటే మీ మేనత్త, గుర్తుకు వచ్చిందన్నంత వరకే ఆ కోపం మనకు చెబుతుంది. అప్ప అత్తవారింటి నుంచి తిరిగి వచ్చేనాటికి ఆయన పదకొండేళ్ళ పిల్లవాడు. ఆ పిల్లవాడికి పెద్దవాళ్ళు ఏమి చెప్పారో, ఏమి అడగవద్దన్నారో మీకూ నాకూ తెలియదు. ఏదో తెలిసి దాస్తున్నవాడికీ కోపం వస్తుంది. ఏమీ తెలియకుండానే జీవితమంతా ఆ మౌనాన్ని మోసినవాడికీ వస్తుంది. ఊళ్ళో నలుగురూ అప్పను గురించి అన్న మాటలు విని విని పుండైనవాడికి మరీ వస్తుంది. ఇందులో మీ నాన్నగారు ఎవరో ఆయన నోటి నుంచి రావలసిందే గాని, ఆయన కోపాన్ని బట్టి మనం తేల్చగలిగేది కాదు.

ఇక బుచ్చమ్మ దగ్గరకు వద్దాం. పుస్తకంలో లేని బాల్యాన్ని పాత్రకు అంటగట్టకూడదని గట్టిగా వాదించినవారు ఉన్నారు. షేక్స్‌పియర్ నాటకంలోని లేడీ మాక్‌బెత్‌కు పిల్లలెందరు అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1933లో ఎల్.సి. నైట్స్ అనే విమర్శకుడు రాసిన ఆంగ్ల వ్యాసం అందుకు ప్రసిద్ధం. నేను అంత దూరం పోను. చదివే మనిషి తన గుండెను గుమ్మం బయట విడిచి పుస్తకంలోకి అడుగుపెట్టలేడు. కాకపోతే కాగితం మీద ఉన్నది ఏది, మనం తెచ్చి పెట్టినది ఏది అన్న ఎరుక మాత్రం తప్పకూడదు.

కాగితం మీద ఉన్నది చూడండి. బుచ్చమ్మ కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్ల పెద్ద కూతురు. సొమ్ము పుచ్చుకుని ముసలివాడికి ఇచ్చిన పిల్ల, వితంతువై పుట్టింట పడి ఉంది. తండ్రి ముక్కోపి, దావాలంటే ప్రాణం పెట్టే మనిషి. తల్లి ఆయన నోటికి జడిసి బతుకుతుంది. తమ్ముడు వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో గిరీశం ఆ ఇంట్లో చేరతాడు. ఆమె అత్తవారింటి రోజులను నాటకం ఒక్క రంగంలోనైనా మనకు చూపదు. మీరు వ్యాసంలో నింపినది ఆ ఖాళీనే. నింపడం తప్పు కాదు, కాని నింపినదాన్ని ఉన్నదిగా చెప్పారు. అంతకంటే నన్ను బాధించినది, మీరు పంపిన సారాంశంలో ఎక్కడా సుబ్బి పేరు లేకపోవడం. ముసలి లుబ్ధావధాన్లకు ఇవ్వబోతున్న చెల్లెలు సుబ్బి పెళ్ళి తాను వెళ్ళిపోతే ఆగుతుందన్న ఆశ బుచ్చమ్మను ఇల్లు దాటించిన కారణాల్లో ఒకటి. గిరీశం ఆడుకున్నది ఆ ప్రేమతోనే. మీరు ఆమె నమ్మకాన్ని దెబ్బ తిన్న మనసుకు గుర్తుగా చదివారు. నాకు మాత్రం తనకు జరిగినది చెల్లెలికి జరగకూడదని తెగించిన అక్క కనిపిస్తుంది.

ఒక పాత సంగతి ఇక్కడ చెప్పవలసి ఉంది. 1907లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, విల్హెల్మ్ యెన్సెన్ అనే జర్మన్ రచయిత నవలలోని పాత్ర కలలను నిజం మనిషి కలల్లాగే విశ్లేషించి ఒక పుస్తకం ప్రచురించారు. అక్కడితో ఆగక, ఆ కథ వెనుక రచయిత బాల్యంలో ఒక చెల్లెలో అక్కో ఉండి ఉంటుందని ఊహించి ఆయనను ఉత్తరం ద్వారా అడిగారు. తనకు తోబుట్టువైన ఆడపిల్ల లేనే లేదని యెన్సెన్ బదులిచ్చారు. అయితే చిన్ననాటి నుంచి తనతో కలిసి పెరిగిన ఒక అమ్మాయి క్షయతో చనిపోయిందని అదే జవాబులో రాశారు. దుఃఖం ఉన్నమాట నిజం, అది ఊహించిన చోట మాత్రం లేదు. మీ విషయంలో కూడా ఇలా జరిగే అవకాశం చాలా ఉందని నా నమ్మకం.

మీ వ్యాసానికి అసలైన ఆధారం గురజాడ వారే ఇచ్చారు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికను మళ్ళీ ఒకసారి తీయండి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణుల ఇళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితాను ఆయన అక్కడ ప్రస్తావించారు. లెక్కకు వచ్చినవి 1,034. వాటిలో ఐదేళ్ళ పిల్లలవి 99, నాలుగేళ్ళవి 44, మూడేళ్ళవి 36, రెండేళ్ళవి 6, ఏడాది పిల్లలవి 3. ఆ ఏడాది పిల్లల ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. సొమ్ము పుచ్చుకున్నట్టు ఒప్పుకోవడానికి జనం ఇష్టపడలేదు కాబట్టి జాబితా పూర్తిది కాదని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట దగ్గర కొంచెంసేపు ఆగండమ్మా. వాళ్ళు దాచినది చేతులు మారిన సొమ్మును. పసిపిల్ల పెళ్ళిని దాచలేదు. దానికి మేళతాళాలు పెట్టారు, పందిరి వేశారు, ఊరందరికీ భోజనాలు పెట్టారు. బుచ్చమ్మకు జరిగిన అన్యాయం ఏ చీకటి గదిలోనో జరిగినది కాదు, వీధి అరుగు మీద పట్టపగలు బేరమాడి చేసినది. ఆమె భయానికీ అణకువకూ అది చాలదా? దాని వెనుక ఇంకొక నేరాన్ని వెతకడం వల్ల కళ్ళెదుటి నేరం చిన్నబోతుంది.

మీ మేనత్త విషయంలో కూడా ఇదే జరుగుతోందేమో ఆలోచించండి. మీ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది: పదమూడేళ్ళ పిల్లకు పెళ్ళి చేశారు. బాల్య వివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లోనే వచ్చినా ఆ పెళ్ళి జరిగింది. ఆ పిల్ల కొన్ని నెలల్లో తిరిగి వచ్చి, మిగిలిన జీవితమంతా తమ్ముడి ఇంట్లో, తమ్ముడి పిల్లలను సాకుతూ గడిపింది. ఇది రహస్యం కాదు గనుకనే దీన్ని గురించి ఎవరూ దుఃఖించలేదు. మీరు కూడా ఉత్తరంలో దీన్ని ఒక్క వాక్యంలో దాటవేసి, తెలియని కారణం గురించి రెండు పేజీలు రాశారు. ఆ కారణం మీరు అనుకుంటున్నదే కావచ్చు. పెళ్ళికొడుకు కుష్ఠునో మూర్ఛనో దాచిపెట్టి చేసిన పెళ్ళి కావచ్చు, అక్కడ అప్పటికే ఇంకొక భార్య ఉండి ఉండవచ్చు, పెట్టుపోతల దగ్గర మాట పెరిగి ఉండవచ్చు. ఆ రోజుల్లో పిల్లలు పుట్టింటికి తిరిగి రావడానికి ఇలాంటి కారణాలు ఎన్నో ఉండేవి.

వంటింటి గడియ సంగతి వేరు. అది మీరు కళ్ళతో చూసినది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆవిడ ఆ మనిషి నుంచి పిల్లలను కాపాడాలనుకుంది. ఆయన తాగి వచ్చేవాడా, చెయ్యి చేసుకునేవాడా, అంతకంటే ఘోరమా అన్నది మీకు తెలియదు. కానీ మాట చెల్లని ఇంట్లో, అడిగేవారు లేని ఒక ఆడది తన చేతనైన ఒక్క పని మానకుండా చేసింది. మీరు ఆ గడియకు లోపలి వైపు ఉన్న పిల్లల్లో ఒకరు.

ఒక నోటు పుస్తకం తీసుకుని, తొమ్మిదేళ్ళ పిల్లగా మీరు చూసినది ఒకచోట, ఇతరులు చెప్పగా విన్నది ఒకచోట, పెద్దయ్యాక ఊహించినది ఇంకొకచోట రాయండి. తొందరపడి ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి మార్చకండి. జ్ఞాపకం మనం అనుకున్నంత గట్టిది కాదు. 1995లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్, తన సహ పరిశోధకురాలితో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు మీరు బజారులో తప్పిపోయారని ఇంట్లోవాళ్ళ పేరు మీద చెబితే, అలా జరగకపోయినా సుమారు నాలుగో వంతు మంది పూర్తిగానో కొంతవరకో గుర్తున్నట్టు చెప్పారు. అందువల్ల మరచిపోయినదాన్ని తవ్వి తీస్తామనేవారి జోలికి పోవద్దు. నిద్రలేమికి మాత్రం సహాయం తీసుకోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌లో రాత్రయినా పగలయినా తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. రెండు మూడు వారాలైనా కుదుటపడకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. మీ పాపకు ఇప్పుడు, అప్పటి మీ వయసే వచ్చింది. పిల్లలు మన చిన్ననాటి వయసుకు చేరినప్పుడు మనలో పాత భయాలు లేవడం ఎందరో తల్లులలో చూస్తాము. మీకే స్వయంగా జరిగినది ఏదైనా గుర్తుండి ఉత్తరంలో రాయలేకపోయి ఉంటే, అది ముందుగా వైద్యుల దగ్గరే చెప్పండి. ఇంట్లో ఎవరినీ ఒప్పించవలసిన అవసరం మీకు లేదు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు వ్యాసం మాట ముందుకు తేకండి, ‘నిజం చెప్పండి’ అని నిలదీయకండి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని బోనులో నిలబెడితే ఆయన దగ్గర మిగిలేది కోపమొక్కటే. ‘నాన్నగారూ, నేను రాసినది బుచ్చమ్మ గురించే. కాని రాస్తున్నంతసేపూ అత్త గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళకే పోయింది, నాకు ఆవిడ గురించి ఏమీ తెలియదు. మీకు గుర్తున్నది ఏదైనా చెప్పండి’ అని అడగండి. ఏం జరిగిందని కాదు, ఆవిడ ఎలా ఉండేదని అడగండి. ఏం వండేది, ఏ పాట పాడేది, చదువుకుందా, పైడితల్లమ్మ గుడికి ఎవరితో వెళ్ళేది, ఇలాంటివి. అక్కడి నుంచి ఆయన ఎంత దూరం వస్తే అంతే. ఏమీ చెప్పనంటే ఇంకొకసారికి వదిలేయండి. చెప్పినది మాత్రం ఆయన అనుమతి లేకుండా వ్యాసంలోకి రానివ్వనని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. బుచ్చమ్మ మౌనాన్ని ఎవరైనా తమకు తోచినట్టు చదువుకోవచ్చు. బతికున్న మనిషి మౌనం ఆయన సొత్తు.

వ్యాసం అచ్చుకు ఇవ్వండి, ఇప్పుడున్నట్టుగా మాత్రం వద్దు. అఘాయిత్యం జరిగిందన్న వాక్యాలు తీసివేయండి, లేదా ఇది నా ఊహ అని తేటగా రాయండి. పీఠికలోని లెక్కలు చేర్చండి. సుబ్బికి చోటివ్వండి. బుచ్చమ్మను చివరకు వకీలు సౌజన్యారావు పంతులు పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడన్నది కూడా మరువకండి. ఆమె కథ గిరీశంతోనే ముగిసిపోదు. అచ్చయ్యే ముందు ఒక ప్రతి నాన్నగారి చేతికి ఇవ్వండి. అనుమతి కోసం కాదు, ముందుగా ఇంకొకరి నోట వినకుండా ఉండడానికి.

సిరిమానోత్సవానికి వెళ్ళండి, పాపను కూడా తీసుకెళ్ళండి. మీరు అనుమానిస్తున్న మనిషి లేడు కాబట్టి తాతా అమ్మమ్మల దగ్గరకు పిల్లను పంపకపోవడానికి కారణం కనిపించదు. పండుగ జనంలో ఇల్లు కిక్కిరిసి ఉంటుంది గనుక పాపను మీ పక్కనే పడుకోబెట్టుకోండి. తన ఒంటి మీద ఎవరు చెయ్యి వేసినా నచ్చకపోతే గట్టిగా చెప్పి మీ దగ్గరకు పరుగెత్తి రావచ్చునని బయలుదేరే ముందే చెప్పండి. ఆ ఇంట్లో బతికున్నవారిలో ఎవరి మీదనైనా మీకు అనుమానానికి ఆధారం ఉంటే నేను పైన చెప్పిన నెమ్మది ఏదీ వర్తించదు. అప్పుడు వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి గాని పోలీసులకు గాని చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం ప్రకారం అలా తెలియజేయడం ఉపాధ్యాయురాలిగానే కాదు, తెలిసిన ప్రతివారికీ విధి. అలాంటిదేమీ లేదనుకుంటే, మంగళవారం ఉత్సవం అయిపోయి చుట్టాలు ఊళ్ళకు వెళ్ళిపోయేదాకా ఆగి, మరునాడు ఒక పూట సెలవు పెట్టుకుని నాన్నగారి దగ్గర కూర్చోండి. అమ్మను కూడా పిలవండి. ఆవిడ మీ మేనత్తతో ఒకే వంటింట్లో ఏళ్ళ తరబడి పని చేసింది కాబట్టి, ముందుగా మాట్లాడేది ఆవిడే కావచ్చు.