స్టావంగర్ ఆయిలర్స్ టైటిళ్ల లెక్క తేడా ఎందుకు వస్తోంది: సమాధానం

నార్వే ఐస్ హాకీ జట్టు స్టావంగర్ ఆయిలర్స్ గెలిచిన టైటిళ్ల లెక్క రెండు జాబితాల్లో కలవడం లేదని అడిగారు. మీ రెండు జాబితాలూ రెండు వేర్వేరు టైటిళ్లవి అయి ఉంటాయి, అందుకే ఈ తేడా. నార్వేలో లీగ్ పట్టికలో మొదటి స్థానం ఒక టైటిల్. దాని తర్వాత పట్టికలో పైనున్న జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలు, అంటే ప్లేఆఫ్స్, గెలిచిన జట్టే నార్వే ఛాంపియన్.

ఇలా సరిచేయండి:

1. లీగ్ విజేతలకు ఒక కాలమ్, ఛాంపియన్లకు ఇంకొకటి పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: సీజన్ శరదృతువులో మొదలై వసంతంలో ముగుస్తుంది. ఛాంపియన్ టైటిల్‌ని సీజన్ ముగిసిన ఏడాది కిందే రాయాలి. 2009–10 సీజన్‌ది 2010లోకి వెళ్తుంది. ఒక జాబితాలో సీజన్ మొదలైన ఏడాదిని వాడితే వరుసంతా ఒక గడి జరిగిపోతుంది.

3. ఆయిలర్స్ ఛాంపియన్ ఏళ్లు: 2010, 2012 నుంచి 2017 వరకు వరుసగా ఆరు (మామూలు విషయం కాదు!), మళ్లీ 2022, 2023. మధ్యలో 2011 సార్ప్స్‌బోర్గ్ జట్టు స్పార్టాది.

4. 2020, 2021 ఖాళీగా ఉన్నాయని టెన్షన్ వద్దు. కోవిడ్ వల్ల ప్లేఆఫ్స్ పూర్తికాలేదు, ఆ రెండేళ్లూ ఛాంపియన్ లేరు.

5. 2014లో గెలిచిన కాంటినెంటల్ కప్ యూరప్ టోర్నీ. దాన్ని ఇందులో కలపకండి.