మొదటి సీజన్ నచ్చలేదని వదిలేశారా? అమెరికన్ నెట్‌వర్క్ కామెడీలతో నా అనుభవం

"ఓ ఆఫీసు చుట్టూ తిరిగే అమెరికన్ కామెడీ 'ది ఆఫీస్' మొదటి సీజన్ చూశాను, ఆ బాస్‌ని భరించలేక ఆపేశాను, దాన్ని అందరూ అంతలా ఎందుకు మెచ్చుకుంటారు?" అని మీరు అడిగారు. మీకు నచ్చకపోవడంలో వింతేం లేదు. 2005లో ఎన్‌బీసీలో వచ్చిన ఆ మొదటి ఆరు ఎపిసోడ్లలో ఆ బాస్ మైకేల్ స్కాట్ నిజంగానే కటువుగా ఉంటాడు. బ్రిటన్‌లో బీబీసీ తీసిన మూలానికి మరీ దగ్గరగా వెళ్లారు. రెండో సీజన్ నుంచి అతని తిక్కని అలాగే ఉంచి, దాని వెనక తోడు కోసం మొహం వాచిపోయిన మనిషిని చూపించడం మొదలుపెట్టారు. అసలు సీరియల్ అక్కడ మొదలైందని నేను అనుకుంటాను.

నేను డాలస్ వచ్చిన కొత్తలో మా ఇంట్లో కేబుల్ లేదు. కిటికీకి చిన్న యాంటెనా తగిలిస్తే ఎన్‌బీసీ, ఏబీసీ, సీబీఎస్, ఫాక్స్ ఉచితంగా వచ్చేవి. నెట్‌వర్క్ ఛానెళ్లంటే ఇక్కడ ఇవే. 2009 చివర్లో గురువారం సాయంత్రం ఏడింటికి ఎన్‌బీసీ పెడితే కమ్యూనిటీ, పార్క్స్ అండ్ రిక్రియేషన్, ది ఆఫీస్, 30 రాక్ వరసగా వచ్చేవి. ఒక్కోటి అరగంట, ప్రకటనలు తీసేస్తే సుమారు 22 నిమిషాలు. సెప్టెంబర్ నుంచి మే దాకా, ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు. ఈ కామెడీల బలమంతా ఆ నిడివిలోనే ఉందని నా గట్టి నమ్మకం. వారం వారం ఇంటికొచ్చే మనిషి మీద కోపం వస్తుంది, విసుగొస్తుంది, ఓ రోజు తెలియకుండానే ఇష్టం పుడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. 'ది ఆఫీస్' మూడో సీజన్లో రిసెప్షనిస్ట్ పామ్ తను గీసిన బొమ్మలతో చిన్న ప్రదర్శన పెట్టుకుని ఆఫీసు వాళ్లందర్నీ పిలుస్తుంది. దాదాపు ఎవరూ రారు. వచ్చిన ఒక సహోద్యోగి ఆ బొమ్మల్లో పస లేదని అనడం ఆమె చెవిన పడుతుంది. ఇక అన్నీ సర్దేసుకుంటుంటే మైకేల్ వస్తాడు. తమ ఆఫీసు భవనం బొమ్మ ముందు ఆగిపోతాడు, అందులో తన కిటికీని, తన కారును గుర్తుపట్టి సంబరపడతాడు, ఎంతకిస్తావని అడుగుతాడు. పామ్ అతన్ని కౌగిలించుకుంటుంది. ఆ సీన్ విడిగా చూస్తే బాగుంది అనిపిస్తుంది, అంతే. అప్పటిదాకా మైకేల్ వల్ల ఆమె పడ్డ ఇబ్బందులన్నీ చూసినవాళ్లకి మాత్రం గొంతు పట్టేస్తుంది. ఆ బొమ్మ తర్వాత ఆఫీసు గోడెక్కుతుంది, 2013లో సీరియల్ ముగిసేదాకా అక్కడే ఉంటుంది. ఎనిమిది ఎపిసోడ్లతో సీజన్ ముగించే ఇప్పటి ఓటీటీ కామెడీల్లో ఇంత ఓపిక చూపించే చోటే ఉండదు, అది నాకు బాధగా ఉంటుంది.

పాత సీరియళ్లకీ నెమ్మదిగానే రోజులు తిరిగాయి. 1982లో మొదలైన 'చీర్స్' తొలి ఏడాది రేటింగుల్లో దాదాపు అట్టడుగున ఉంది. ఎన్‌బీసీ ఆపలేదు. 1990-91 సీజన్‌కి అదే నంబర్ వన్. 'సైన్‌ఫెల్డ్' పైలట్ (మచ్చుకి తీసే తొలి ఎపిసోడ్) 1989లో వచ్చాక ముందు ఇంకో నాలుగు ఎపిసోడ్లకే ఆర్డరిచ్చారు. 1998 దాకా నడిచింది.

వెనకాల నవ్వులు చిరాకని చాలామంది అంటారు. కొన్నింట్లో అది నిజంగా అతికించిన నవ్వే, ఒప్పుకుంటాను. కానీ ఫ్రెండ్స్ లాంటివి స్టూడియోలో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీశారు. జోకు పేలకపోతే రచయితలు అక్కడికక్కడే డైలాగు మార్చి మళ్లీ చేయించేవారు. మన నాటకాల్లో పద్యం అయ్యాక చప్పట్లు ఆగేదాకా నటుడు నిలబడతాడే, అలాగే వీళ్లూ నవ్వు తగ్గేదాకా ఆగుతారు. ఆ ఆగడంలో మొహం ఎలా పెట్టారో గమనించండి, సగం నటన అక్కడే ఉంటుంది.

మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్' పాత ఎపిసోడ్లు వేస్తుంటే నా పక్కన కూర్చుని చూసేది. ఆవిడకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. అయినా ఎదురింట్లో ఉండే అత్తగారు మేరీ చెప్పాపెట్టకుండా కోడలి వంటింట్లోకి వచ్చేస్తుంటే నన్ను అర్థం చెప్పనిచ్చేది కాదు. "వంట బాగా వచ్చినంత మాత్రాన ఆ పిల్ల గిన్నెలో గరిటె పెట్టొచ్చా?" అని టీవీతోనే వాదన పెట్టుకునేది.

మీరు ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టాలంటే ఏబీసీ వాళ్ల 'అబ్బాట్ ఎలిమెంటరీ' చూడండి. ఫిలడెల్ఫియాలోని ఒక ప్రభుత్వ పాఠశాల కథ, 2021 డిసెంబర్‌లో మొదలైంది. మూడో సీజన్ 14 ఎపిసోడ్లే ఉందేమిటి అనుకుంటారేమో, 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు చేసిన సమ్మెల వల్ల తగ్గింది. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడాలంటే రేమండ్ మంచిది. 'ది ఆఫీస్'కే మళ్లీ వెళ్తానంటే రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి పట్టుకోండి. అదే ఆఫీసులో పనిచేసే జిమ్‌కి పామ్ అంటే ఇష్టమని, ఆమెకి వేరే అతనితో నిశ్చితార్థం అయిందని తెలిస్తే చాలు, కథ అర్థమైపోతుంది.